మైగ్రేన్: గుర్తుపట్టడం, మాత్ర ఎప్పుడు వేసుకోవాలి, ఎన్ని రోజులు దాటకూడదు, రాకుండా ఏం చేయాలి

నాడీపటం

"పైత్యం చేసింది, వాంతి అయితే తగ్గిపోతుంది." "సైనస్ ఉంది, ఎండలోకి వెళ్తే పట్టుకుంటుంది." "గ్యాస్ తలకెక్కింది." మన ఇళ్లలో మైగ్రేన్‌కు ఉన్న పేర్లు ఇవి. పేరు తప్పితే మందూ తప్పుతుంది. పైత్యానికి నిమ్మరసం, సైనస్‌కు ఆవిరి, గ్యాస్‌కు యాంటాసిడ్ వాడుతూ ఏళ్లు గడిచిపోతాయి. పార్శ్వపు నొప్పి అన్న పాత పేరే వీటన్నిటికంటే నయం. కానీ అదీ పూర్తిగా సరిపోదు, ఎందుకో కింద చెబుతాను.

మందు వేసుకోకపోతే నొప్పి 4 నుంచి 72 గంటలు ఉంటుంది. ఈ నాలుగింటిలో కనీసం రెండు కనబడాలి: తలకు ఒకపక్కన రావడం, నాడి కొట్టుకున్నట్టు టక్కుటక్కుమనడం, చేస్తున్న పని ఆపేసేంత తీవ్రత, మెట్లెక్కినా వంగినా ఎక్కువ కావడం. వీటికి తోడు వికారమో వాంతో ఉండాలి, లేదంటే వెలుతురూ చప్పుడూ రెండూ భరించలేని స్థితి ఉండాలి. ఇలాంటివి కనీసం 5 సార్లు వచ్చి, వేరే జబ్బేదీ కారణం కాదని తేలితే అది మైగ్రేన్. 2018 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ మూడో కూర్పులో ఉన్న కొలతలే ఇవి. రక్తపరీక్షతోనో స్కానింగ్‌తోనో తేలే జబ్బు కాదు. రోగి చెప్పే మాటలే పరీక్ష.

సైనస్‌తో ఎందుకు పొరబడతారంటే, ముఖం మీది స్పర్శను మోసే ట్రైజెమినల్ నాడి రేగినప్పుడు ముక్కు దిబ్బడ వేస్తుంది, కంట్లో నీళ్లు కారతాయి, బుగ్గ ఎముకల దగ్గర బరువుగా ఉంటుంది. నిజంగా సైనస్‌లో చీము చేరితే చిక్కటి పసుపుపచ్చ చీమిడి, వాసన తెలియకపోవడం, తరచుగా జ్వరం ఉంటాయి. నీళ్లలాంటి చీమిడితో, వెలుతురు చూడలేకుండా, వికారంతో నెలనెలా వచ్చేది సైనస్ కాదు.

వేకువజాము

రెండు అనుమానాలండి. ఒకటి, నొప్పి రెండు కణతలా వస్తే మైగ్రేన్ కానట్టేనా? రెండు, చాలామందికి ముందు మెడ పట్టేస్తుంది, తర్వాత తల మొదలవుతుంది. దాన్ని స్పాండిలైటిస్ అని మెడపట్టీ ఇచ్చి పంపుతున్నారు. ఎలా తేల్చుకోవాలి?

నాడీపటం

వేకువజాము గారూ, పార్శ్వపు నొప్పి అన్న పేరు పూర్తిగా సరిపోదన్నది ఇందుకే. రెండువైపులా వచ్చే మైగ్రేన్ చాలామందిలో ఉంటుంది, పిల్లల్లో అయితే అదే మామూలు. పైన చెప్పిన నాలుగింటిలో ఏ రెండు ఉన్నా చాలు, 'ఒకపక్క' తప్పనిసరి కాదు. వైపు మారుతూ ఉంటే మంచిదే. ఎప్పుడూ ఒకే పక్క వస్తూ, క్రమంగా పెరుగుతూ పోతేనే ఒకసారి లోతుగా చూడాలి.

మెడ సంగతి. మెడ పైభాగం నుంచి వచ్చే నాడులూ, ముఖం నుంచి వచ్చే ట్రైజెమినల్ నాడీ మెదడు కాండం దగ్గర ఒకేచోట కలుస్తాయి. అందుకని మైగ్రేన్ నొప్పి మెడలోనూ తెలుస్తుంది. అంతేకాదు, తలనొప్పికి కొన్ని గంటల ముందు, కొందరిలో ఒకటి రెండు రోజుల ముందే హైపోథాలమస్ అనే మెదడు భాగంలో మార్పు మొదలవుతుంది. ఆగకుండా ఆవలింతలు, మెడ పట్టు, చిరాకు, తీపి తినాలన్న కోరిక, మాటిమాటికీ మూత్రం, ఇవన్నీ ఆ దశవే. మెడ ఎక్స్‌రేలో 40 దాటిన చాలామందికి కొంత అరుగుదల కనబడుతుంది. ఆ ఎక్స్‌రేని చూపించి వాంతులతో వచ్చే తలనొప్పికి మెడపట్టీ ఇవ్వడం సరికాదు.

కొందరికి నొప్పికి ముందు 'ఆరా' వస్తుంది. కళ్లముందు మెరిసే వంకరటింకర గీత, దాని నడుమ ఖాళీ మచ్చ. లేదా వేళ్లలో మొదలై చేతిమీదుగా పెదవికి పాకే తిమ్మిరి. మెదడు పైపొర మీద విద్యుత్ అలజడి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతుంది. 1944లో లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త జంతువుల మెదడులో దీన్ని మొదట కనిపెట్టాడు. ఈ 'పాకడం' దగ్గరే పక్షవాతానికీ దీనికీ తేడా తెలుస్తుంది. ఆరా 5 నిమిషాలకు తక్కువ కాకుండా మెల్లగా పరుచుకుని గంటలోపు పోతుంది, లేనిది కనబడుతుంది. పక్షవాతం క్షణంలో వస్తుంది, ఉన్నది పోతుంది. అయితే మొదటిసారి వచ్చినదాన్ని మాత్రం ఆరా అని ఇంట్లో తేల్చుకోవద్దు, ఆస్పత్రిలోనే తేలాలి.

మాత్రలపెట్టె

మందుల షాపు కౌంటరు దగ్గర జరిగే పొరపాట్లు మూడు. మోతాదు తక్కువ, ఆలస్యం, మరీ తరచుగా. మొదటి రెండూ చెబుతాను.

పెద్దలకు, వేరే జబ్బులు లేకపోతే, ఒక దాడికి సరిపోయే మోతాదులు ఇవి: పారాసెటమాల్ 1000 మి.గ్రా., అంటే 500వి రెండు. లేదా ఐబుప్రొఫెన్ 400. లేదా నాప్రొక్సెన్ 500. లేదా ఆస్పిరిన్ 900. వీటిలో ఏదో ఒకటి, అన్నీ కలిపి కాదు. ఏదీ ఖాళీ కడుపుతో వేసుకోకండి, రెండు బిస్కెట్లయినా తినండి. పారాసెటమాల్ రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బరువు 50 కిలోల లోపు ఉన్నా, మద్యం అలవాటున్నా, కాలేయం బాగోకపోయినా అంతకంటే తక్కువే. అల్సర్, మూత్రపిండాల జబ్బు, గుండెజబ్బు, రక్తం పలచబడే మందులు ఉన్నవాళ్లకు ఐబుప్రొఫెన్, నాప్రొక్సెన్, ఆస్పిరిన్ వద్దు.

ఇంకొకటి, వానాకాలంలో తప్పక గుర్తుంచుకోవాల్సినది. తలనొప్పితోపాటు జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఆ మూడింటి జోలికి పోకూడదు, పారాసెటమాల్ ఒక్కటే.

ఇక సమయం. మైగ్రేన్ మొదలయ్యాక పొట్ట కదలిక మందగిస్తుంది. మింగిన మాత్ర అక్కడే నానుతూ ఉండిపోతుంది, పేగుల్లోకి వెళ్లదు, రక్తంలోకి ఎక్కదు. 'మాత్ర పనిచేయలేదు' అనడానికి పెద్ద కారణం ఇదే. "కాసేపు చూద్దాం, భరించగలిగితే మాత్ర ఎందుకు" అని రెండు గంటలు ఓర్చుకుని, వాంతులు మొదలయ్యాక వేసుకుంటారు. మైగ్రేనే అని గుర్తుపట్టగానే, నొప్పి ఇంకా తక్కువగా ఉన్నప్పుడే వేసుకోవాలి. వికారం ఎక్కువగా ఉండేవాళ్లకు డాక్టర్లు డొంపెరిడోన్ 10 మి.గ్రా. గానీ మెటోక్లోప్రమైడ్ 10 మి.గ్రా. గానీ కలిపి రాస్తారు. వాంతి ఆగడానికే కాదు, పొట్ట కదలడానికి కూడా. గుండె లయ సమస్యలున్నవాళ్లకు డొంపెరిడోన్ పనికిరాదు. మెటోక్లోప్రమైడ్‌తో వయసు తక్కువవాళ్లలో ఎప్పుడైనా దవడ, మెడ, కళ్లు ఒకవైపు లాగేసినట్టు బిగుసుకుపోవచ్చు. భయపడాల్సిన పని లేదు, ఇంజెక్షన్‌తో తగ్గుతుంది, కానీ వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

రాత్రిడ్యూటీ

ట్రిప్టాన్‌ల గురించి కూడా రాయండి. పేరు విన్నవాళ్లు ఉన్నారు గానీ "స్ట్రాంగ్ మందు, గుండెకు చెడ్డది" అని ఎవరూ ముట్టుకోవడం లేదు.

మాత్రలపెట్టె

మామూలు నొప్పిమాత్ర సరైన మోతాదులో, సరైన సమయంలో మూడు దాడుల్లో వేసినా పనిచేయకపోతే తర్వాతి మెట్టు ట్రిప్టాన్. మైగ్రేన్ కోసమే తయారైన మందు, మత్తుమందు కాదు. సుమాట్రిప్టాన్ 50 లేదా 100 మి.గ్రా., రిజాట్రిప్టాన్ 10 మి.గ్రా. తగ్గి మళ్లీ తిరగబెడితే 2 గంటల తర్వాత రెండోది వేసుకోవచ్చు. మొదటిది అసలేమాత్రం పనిచేయకపోతే అదే దాడికి రెండోది దండగ. 24 గంటల్లో సుమాట్రిప్టాన్ 200, రిజాట్రిప్టాన్ 30 మి.గ్రా. దాటకూడదు. ప్రొప్రనొలాల్ (బీపీకి, మైగ్రేన్ నివారణకు ఇచ్చే మందు) వాడుతున్నవాళ్లలో రిజాట్రిప్టాన్ రక్తంలో ఎక్కువగా నిలుస్తుంది కాబట్టి 5 మి.గ్రా. చాలు. దీన్ని షాపులో ఎవరూ అడగరు, మీరే చెప్పాలి.

వేసుకున్నాక ఛాతీలో, గొంతులో కాసేపు బిగుతుగా, ఒళ్లు వెచ్చగా అనిపించడం మామూలే. గుండెపోటు, యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి), పక్షవాతం వచ్చినవాళ్లకూ, బీపీ అదుపులో లేనివాళ్లకూ ట్రిప్టాన్ నిషిద్ధం. 'గుండెకు చెడ్డది' అన్న మాట వాళ్ల విషయంలో నిజం, మిగతావాళ్ల విషయంలో కాదు. ఆరా ఉన్నవాళ్లు మెరుపులు కనబడుతుండగా కాకుండా నొప్పి మొదలవగానే వేసుకోవాలి. ఆరా దశలో వేస్తే తర్వాతి నొప్పిని ఆపదు.

నాడీపటం

దీనికి ఒకటి కలపాలి. మన దగ్గర అడిగితే చేతికిచ్చే 'మైగ్రేన్ మాత్ర'ల్లో ఎర్గోటమిన్, కెఫీన్, పారాసెటమాల్, ప్రోక్లోర్‌పెరజైన్ కలిపినవి ఉన్నాయి. మాత్రల పట్టీ వెనుక చదవండి. ఎర్గోటమిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఆ బిగుతు గంటల తరబడి ఉంటుంది. ట్రిప్టాన్‌కూ దీనికీ మధ్య 24 గంటలు ఎడం ఉండాలి. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లతో కలిస్తే చేతివేళ్లకూ కాళ్లకూ రక్తం అందక చల్లబడి నల్లబడే ప్రమాదం ఉంది. గర్భిణులకు అసలు ఇవ్వకూడదు. గొంతునొప్పికి యాంటీబయాటిక్ కొంటూ అదే రోజు ఈ మాత్ర కూడా కొనే మనిషికి ఇది తెలియాలి.

వేకువజాము

మూడో పొరపాటు "మరీ తరచుగా" అన్నారు. లెక్క ఎంత?

మాత్రలపెట్టె

నా దృష్టిలో మైగ్రేన్‌లో అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే. దీన్ని ఎవరూ చెప్పకుండానే మాత్రలు అమ్ముడుపోతున్నాయన్నదే నా బాధ.

లెక్కపెట్టాల్సింది మాత్రలను కాదు, రోజులను. ఒకే రోజు మూడు వేసుకుంటే అది ఒక రోజు. రోజుకొకటి చొప్పున మూడు రోజులు వేసుకుంటే మూడు రోజులు. ట్రిప్టాన్‌లు, ఎర్గోటమిన్, ట్రమడాల్ లాంటి మత్తు కలిగించే నొప్పిమాత్రలు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు నెలకు 10 రోజులు. ఒట్టి పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి నెలకు 15 రోజులు. మూడు నెలలకు పైగా ఈ గీతను చేరినా దాటినా మాత్రే తలనొప్పిని పెంచుతుంది. నెలకు మూడుసార్లు వచ్చేది వారానికి మూడుసార్లవుతుంది, తర్వాత నిద్రలేవగానే నొప్పి. మాత్ర వేస్తే నాలుగు గంటలు తగ్గి మళ్లీ వస్తుంది. కెఫీన్ కలిపిన మాత్రలు ఈ ఉచ్చులోకి ఇంకా తొందరగా లాగుతాయి. రోజువారీ జాగ్రత్తకు వారానికి 2 రోజులు అన్న లెక్క పెట్టుకుంటే గీతకు ఇవతలే ఉంటారు.

నాడీపటం

బయటపడే దారి కూడా చెప్పాలి, లేకపోతే వాళ్లు బెదిరిపోతారు. పారాసెటమాల్, నొప్పిమాత్రలు, ట్రిప్టాన్‌లు ఒక్కసారిగా ఆపేయవచ్చు. ట్రమడాల్ లాంటివీ నిద్రమాత్రలూ మాత్రం మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చూస్తుండగా. ఆపిన తర్వాత 2 నుంచి 10 రోజులు నొప్పి ముందుకంటే ఎక్కువ అవుతుంది, వికారం, నిద్రలేమి ఉంటాయి. చాలామంది మూడో రోజు మళ్లీ మాత్ర అందుకునేది ఇక్కడే. అందుకని పండగలూ పరీక్షలూ పెళ్లిళ్లూ లేని రెండు వారాలు ఎంచుకుని, నివారణ మందు ముందే మొదలుపెట్టి ఆపాలి. రెండు నెలలు నిలబడితే చాలామందిలో తల తన పాత లెక్కకు వస్తుంది. ఆ తర్వాతే అసలు మైగ్రేన్ ఎంత ఉందో తెలుస్తుంది.

పొయ్యిగట్టు

ప్రేరేపించేవాటి గురించి రాస్తాను. జాబితా ఇచ్చి "ఇవన్నీ మానండి" అనడం నాకు ఇష్టం లేదు. చీజ్, రెడ్ వైన్ అని విదేశీ జాబితా చూసి మన ఇంట్లో ఎవరికి ఉపయోగం? మన దగ్గర ఎక్కువగా కనబడేవి వేరు: భోజనం వేళ తప్పడం, ఎండ, నిద్ర అటూఇటూ కావడం, సాంబ్రాణి, అగరుబత్తుల పొగ, సెంటు, మిరపకాయల పోపు ఘాటు, బస్సు ప్రయాణం, తలస్నానం.

తలస్నానం మూఢనమ్మకం కాదు. తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది భారతీయుల పరిశీలన 2006లో వైద్యపత్రికలో అచ్చయింది. పొడవాటి జుట్టు, గంటల తరబడి తడి, తువ్వాలు బిగించి కట్టడం, అన్నీ ఉంటాయి. తలస్నానం మానక్కర్లేదు. టిఫిన్ అయ్యాక, గోరువెచ్చటి నీళ్లతో చేయండి. తువ్వాలు ముడి బిగించకుండా వెంటనే ఆరబెట్టండి, ఆరబెట్టడానికి ఎండలో నిలబడకండి. బిగించి లాగిన జడ కూడా కొందరికి మాడునొప్పి తెస్తుంది.

అసలు విషయం ఏమిటంటే ఇవి ఒక్కొక్కటిగా రావు, పేరుకుంటాయి. శ్రావణ శుక్రవారం చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, తలస్నానం, పూజ అయ్యేదాకా పస్తు, గదినిండా సాంబ్రాణి పొగ, పొయ్యి దగ్గర రెండు గంటలు, పైగా ఆ నెలసరి దగ్గర్లో ఉంటే మరీను. ఏ ఒక్కటీ దాడి తెచ్చేంతది కాకపోవచ్చు. ఐదూ కలిస్తే సాయంత్రానికి మంచం పట్టడమే. పూజ మానమని చెప్పడం లేదు. ముందురోజే తలస్నానం, పూజకు ముందు పాలో పండో, వంటింట్లో కిటికీ తెరవడం. ఐదింటిలో మూడు తీసేస్తే మిగతా రెండూ తల భరిస్తుంది. రంజాన్ ఉపవాసాలకైతే, కాఫీ టీ అలవాటున్నవాళ్లు రెండు వారాల ముందు నుంచే కప్పులు తగ్గించుకుంటూ రావాలి. మొదటి రోజుల్లో వచ్చే నొప్పిలో కొంత భాగం కెఫీన్ ఆగినందువల్లే. సహర్ మానొద్దు, అందులో నీళ్లూ పప్పూ గుడ్డూ ఉండాలి.

నాడీపటం

పొయ్యిగట్టు గారి 'పేరుకోవడం' మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఒక్క హెచ్చరిక మాత్రం చేర్చాలి. చాక్లెట్ తిన్నాక నొప్పి వచ్చింది కాబట్టి చాక్లెట్ కారణం అనుకోకండి. తీపి తినాలన్న కోరికే దాడి మొదటి దశ కావచ్చని ఇందాక రాశాను. 'టీవీ వెలుతురు వల్ల వచ్చింది' అన్నదీ అంతే. వెలుతురు గుచ్చుకోవడం అప్పటికే మొదలైంది. ఒక పదార్థం మీద అనుమానం ఉంటే నాలుగు వారాలు మాని చూడండి, తర్వాత మళ్లీ తిని చూడండి. మూడుసార్లు తింటే మూడుసార్లూ రావాలి. అలా తేలనిది మానక్కర్లేదు. అన్నీ మానుకుంటూ పోయి సగం కడుపుతో బతికేవాళ్లకు పస్తే ప్రేరకమవుతుంది.

రాత్రిడ్యూటీ

హైదరాబాద్‌లో అమెరికా వేళల ప్రకారం పనిచేసేవాళ్లకు నేను ఇచ్చే సూచనలు ఇవి. షిఫ్టు రాత్రిదా పగటిదా అన్నదానికంటే వారానికోసారి మారడమే ఎక్కువ చెరుపు చేస్తుంది. మేనేజరును అడగాల్సింది 'నైట్ తీసేయండి' అని కాదు, 'నాలుగు వారాలు ఒకే షిఫ్టు ఇవ్వండి' అని. శని, ఆదివారాల్లో కూడా లేచే వేళ గంటకు మించి జరపొద్దు. వారాంతపు తలనొప్పికి చాలాసార్లు కారణం విశ్రాంతి కాదు, పదింటిదాకా పడుకోవడం, దానివల్ల ఉదయపు కాఫీ నాలుగు గంటలు ఆలస్యం కావడం. కాఫీ రోజుకు రెండు చిన్న కప్పులు, రోజూ అదే వేళకు. షిఫ్టు మధ్యలో నాలుగు గంటలకోసారి ఏదైనా తినాలి. వేయించిన శనగలు, పల్లీలు, అరటిపండు డ్రాయర్‌లో ఉంటే చాలు. తల మీద సూటిగా పడే ట్యూబులైటు కింద కుర్చీ ఉంటే మార్పించుకోవాలి.

వ్యాయామం: వారానికి 3 సార్లు, 40 నిమిషాలు, కాస్త ఆయాసం వచ్చేలా. మొదలుపెట్టడమే పరుగుతో వద్దు, ఒక్కసారిగా చేసే తీవ్రవ్యాయామం కూడా నొప్పి తెస్తుంది. పది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి ఐదేసి నిమిషాలు పెంచండి.

పొయ్యిగట్టు

యోగా కూడా చెప్పుకోవాలి. మందులకు తోడుగా మూడు నెలలు యోగా చేసినవాళ్లకు ఒట్టి మందులవాళ్లకంటే దాడులు బాగా తగ్గాయని ఢిల్లీ ఎయిమ్స్ అధ్యయనం 2020లో వచ్చింది. మందులకు తోడుగా అన్న మాట గుర్తుంచుకోండి. శీర్షాసనం ఎవరి మాటా విని చేయొద్దు.

వేకువజాము

రోజూ వేసుకునే నివారణ మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? జీవితాంతం వేసుకోవాలా?

నాడీపటం

నెలకు 4 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ తలనొప్పి ఉంటే అడగాలి. రెండే వచ్చినా, అవి మూడేసి రోజులు మంచం మీద పడేస్తే అప్పుడూ అడగాలి. నెలకు 15 రోజులు గానీ అంతకంటే ఎక్కువ గానీ, అందులో కనీసం 8 రోజులు మైగ్రేన్ లక్షణాలతో, మూడు నెలలకు పైగా ఉంటే అది దీర్ఘకాలిక మైగ్రేన్. దాని వైద్యం వేరు.

మందును ఎంచుకునేది ఆ మనిషికి ఉన్న మిగతా బాధలను బట్టి. బీపీ, గుండెదడ ఉంటే ప్రొప్రనొలాల్. 20 నుంచి 40 మి.గ్రా. రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి పెంచుతారు. ఆస్తమా ఉంటే అసలు కాదు. నిద్ర పట్టకపోతే, మెడ కండరాలు బిగుసుకుంటే అమిట్రిప్టిలిన్, రాత్రి 10 మి.గ్రా.తో మొదలు. పొద్దున మత్తుగా ఉంటే మానేయకుండా, వేసుకునే వేళను రాత్రి పదింటి నుంచి ఎనిమిదింటికి జరపాలి. బరువు ఎక్కువుంటే టోపిరమేట్. 25 మి.గ్రా.తో మొదలుపెట్టి వారానికి 25 చొప్పున 100 దాకా. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మాటలు తట్టవు, మూత్రపిండాల్లో రాళ్లు రావచ్చు. మన ఎండల్లో రోజుకు రెండున్నర మూడు లీటర్ల నీళ్లు తాగాలి. కన్ను ఎర్రబడి చూపు మసకబారితే వెంటనే ఆపి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గర్భంలో పనికిరాదు. పిల్లల్ని కనే వయసు స్త్రీలకు వాల్‌ప్రొయేట్ అనే ఇంకో నివారణ మందు అసలే వద్దు.

ఫ్లునరిజిన్ గురించి ప్రత్యేకంగా. మన దగ్గర చాలా ఎక్కువగా రాస్తారు, రాత్రి 5 లేదా 10 మి.గ్రా. పనిచేసే మందే. కానీ బరువు పెరుగుతుంది, దిగులు రావచ్చు, వయసు మీదపడినవాళ్లలో చేతులు వణకడం, నడక మందగించడం కనబడవచ్చు. చీటీ పాతబడినా షాపులో ఇస్తూనే ఉంటే కొందరు ఏళ్ల తరబడి మింగుతారు. అలా చేయకూడదు. డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఇది వద్దు.

ఏ మందైనా సరైన మోతాదుకు చేరాక 8 నుంచి 12 వారాలు ఇవ్వాలి. పది రోజులకే 'పనిచేయలేదు' అని డాక్టరును మార్చేవాళ్లకు ఐదు మందులు మారినా ఫలితం ఉండదు. తలనొప్పి రోజులు సగానికి తగ్గితే మందు గెలిచినట్టే. బాగా అదుపులో ఉంటే 6 నుంచి 12 నెలల తర్వాత మెల్లగా తగ్గించి ఆపుతారు. ప్రొప్రనొలాల్ ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకూడదు.

ఇవేవీ పనిచేయనివాళ్లకు దీర్ఘకాలిక మైగ్రేన్‌లో బొటాక్స్ ఇంజెక్షన్ ఉంది, 12 వారాలకోసారి, నుదురు నుంచి భుజాల దాకా 31 చోట్ల, మొత్తం 155 యూనిట్లు. నాడి చివరల నుంచి విడుదలై నొప్పిని పెంచే సీజీఆర్‌పీ అనే పదార్థాన్ని అడ్డుకునే నెలవారీ ఇంజెక్షన్లు 2018 నుంచి వచ్చాయి. వీటి ఖరీదు చాలామందికి అందదు. పాత మందులను సరిగ్గా వాడకుండా నేరుగా వీటికి వెళ్లక్కర్లేదు.

మాత్రలపెట్టె

మైగ్రేన్ రాకుండా మెగ్నీషియం, రైబోఫ్లేవిన్ (బి2 విటమిన్) అడిగేవాళ్లకు చిన్న వివరం. మెగ్నీషియం రోజుకు 400 మి.గ్రా. అంటే అసలు మెగ్నీషియం లెక్క. ఆక్సైడ్ అయితే అందులో 60 శాతమే మెగ్నీషియం. సిట్రేట్ అయితే దాదాపు 16 శాతమే. సీసా మీద పెద్ద అక్షరాల్లో ఉన్నది ఏ లెక్కో వెనుక చదవండి. విరేచనాలైతే మోతాదు తగ్గించండి, మూత్రపిండాల జబ్బుంటే వేసుకోవద్దు. రైబోఫ్లేవిన్ 400 మి.గ్రా. కావాలి. మామూలు బీకాంప్లెక్స్ మాత్రలో ఉండేది 10 మి.గ్రా. ప్రాంతంలోనే, దానితో మైగ్రేన్‌కు ప్రయోజనం ఆశించకండి. మూత్రం చిక్కటి పసుపుగా వస్తుంది, అది పచ్చకామెర్లు కాదు. మూడు నెలలు చూసి తేడా లేకపోతే ఆపేయండి, డబ్బు దండగ.

చిట్టిబడి

పిల్లల గురించి ఎవరూ రాయలేదు. పిల్లల్లో నొప్పి రెండు గంటల్లోనే పోవచ్చు, నుదురంతా ఉంటుంది, నిద్రపోయి లేస్తే మామూలైపోతారు. అందుకే "బడి ఎగ్గొట్టడానికి నాటకం" అంటారు. ఆ మాట అనొద్దు. ఆ పిల్లాడు టీవీ కూడా ఆపేసి చీకటి గదిలో పడుకున్నాడంటే అది నాటకం కాదు. కొందరికి తల కాకుండా బొడ్డు చుట్టూ నొప్పి, వాంతులు, మొహం పాలిపోవడం నెలకోసారి వస్తాయి. అదీ మైగ్రేన్ కుటుంబానిదే.

ఐబుప్రొఫెన్ కిలోకు 10 మి.గ్రా. లేదా పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. బరువు తూచి ఇవ్వండి, వయసును బట్టి కాదు. 16 ఏళ్లలోపు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. పిల్లల్లో నివారణ మందులుగా అమిట్రిప్టిలిన్, టోపిరమేట్ మందు లేని ఉత్తుత్తి మాత్రకంటే మెరుగ్గా పనిచేయలేదని 2017 నాటి పెద్ద అధ్యయనంలో తేలింది. కాబట్టి ముందు అలవాట్లు: టిఫిన్ తినకుండా బస్సెక్కించొద్దు, నీళ్ల సీసా సాయంత్రానికి ఖాళీ అయిందో లేదో చూడండి, పదో తరగతి అయినా ఇంటర్ అయినా నిద్ర ఎనిమిది గంటలకు తగ్గనివ్వొద్దు. బడిలో టీచరు దగ్గర ఒక మోతాదు మందు, ఒక చీటీ ఉంచండి. ఇంటికొచ్చేదాకా ఆగితే మందు వేళ దాటిపోతుంది.

వేకువజాము

నెలసరితో వచ్చేవాటికి, గర్భిణులకు, బాలింతలకు?

నాడీపటం

నెలసరికి రెండు రోజుల ముందు నుంచి మూడో రోజు వరకు వచ్చేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ పడిపోవడంవల్ల. ఎక్కువసేపు ఉంటుంది, మందుకు తొందరగా లొంగదు. తేదీలు క్రమంగా ఉండేవాళ్లకు రెండు రోజుల ముందు నుంచి 5, 6 రోజులు నాప్రొక్సెన్ రోజుకు రెండుసార్లు డాక్టర్లు రాస్తారు. ఆరా ఉన్న మైగ్రేన్‌లో ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు వద్దు, పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. గైనకాలజిస్టు అడగకపోయినా 'నాకు మెరుపులు కనబడతాయి' అని మీరే చెప్పండి. గర్భంలో పారాసెటమాల్, చల్లటి పట్టీ, చీకటి గది. 20 వారాల తర్వాత ఐబుప్రొఫెన్ లాంటివి వద్దు. చాలామందికి నాలుగో నెల నుంచి దానంతటదే తగ్గుతుంది. ఐదో నెల దాటాక కొత్తగా తలనొప్పి వస్తే ముందు బీపీ చూడాలి.

బాలింతల విషయం నొక్కి చెబుతున్నాను. మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గిస్తారు. కాన్పు తర్వాతి వారాల్లో రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, నీళ్లు తగ్గితే మెదడు సిరల్లో గడ్డ ఏర్పడవచ్చు. తగ్గకుండా పెరిగే తలనొప్పి, వాంతులు, చూపు మసక, ఫిట్స్. దీన్ని 'బాలింత వాతం' అని ఆవిరి పట్టి ఇంట్లో ఉంచొద్దు, ఆ రోజే న్యూరాలజీ ఉన్న ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బాలింతకు దాహం వేసినన్ని నీళ్లు ఇవ్వండి.

అదే కోవలో ఆలస్యం చేయకూడనివి: నిమిషంలోపే పతాకస్థాయికి చేరే పిడుగులాంటి నొప్పి. జ్వరంతో మెడ వంగకపోవడం. మాట తడబాటు, ఒకవైపు బలహీనత. 50 దాటాక మొదటిసారి వచ్చే తలనొప్పి. దగ్గినా ముక్కినా వచ్చేది, పడుకుంటే పెరిగి తెల్లవారుజామున లేపేది. తలకు దెబ్బ తగిలాక వచ్చేది. కన్ను ఎర్రబడి, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడితే గ్లాకోమా (కంటిలో ఒత్తిడి పెరిగే జబ్బు) కావచ్చు. ఇవేవీ లేకుండా, పరీక్షలో నాడులన్నీ సరిగ్గా ఉంటే ఎంఆర్‌ఐ అవసరం లేదు.

రాత్రిడ్యూటీ

డైరీలో ఏం రాయాలో ఎవరైనా చెబుతారా? యాప్‌లలో ముప్ఫై ప్రశ్నలుంటాయి, ఎవరూ వారం దాటి నింపడం లేదు.

మాత్రలపెట్టె

గోడ క్యాలెండరు చాలండి. తలనొప్పి వచ్చిన రోజు తేదీ చుట్టూ సున్నా చుట్టండి. మాత్ర వేసుకుంటే పక్కన దాని పేరు మొదటి అక్షరం, వేసుకున్న వేళ. రెండు గంటల తర్వాత తగ్గితే టిక్కు, తగ్గకపోతే ఇంటూ. నెలసరి రోజుల కింద గీత. ఇంతే. నెలాఖరున మూడు అంకెలు లెక్కపెట్టండి: సున్నాలెన్ని, మాత్ర వేసుకున్న రోజులెన్ని, టిక్కులెన్ని. మూడు నెలల పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి డాక్టరుకు చూపించండి. మాత్ర రోజులు 8 దాటాయంటే పదిదాకా ఆగకుండా అప్పుడే వెళ్లండి.